ఆమె కుడిపక్క కుర్చీ

బజారు వీధి మలుపులో మగవాళ్ళ బట్టలు కుట్టే దుకాణం నడుపుతున్న దర్జీనైన నేను, వచ్చే వారం గుండె ఆపరేషనుకు వెళ్ళబోతూ, మా ఇంటి ముందుగదిలో కూర్చుని సొంత చేత్తో రాస్తున్న వీలునామా ఇది. నా బుర్ర నిక్షేపంగా పనిచేస్తోంది. అనుమానం ఉన్నవాళ్ళు నిన్నటి ఎపిసోడులో ఎవరు ఏ చొక్కా వేసుకున్నారో అడగవచ్చును, గుండీల రంగుతో సహా చెబుతాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. మా ఆవిడ పక్కనే ఉంది గానీ, ఆమె చేసిన బలవంతమల్లా ఏడున్నర లోపల రాయడం ముగించమని మాత్రమే.

భయపడాల్సిందేమీ లేదని డాక్టరు అన్నాడు. ఆయన ఆ మాట అన్నాకే నాకు భయం మొదలైంది. అయినా తిరిగి వస్తాననే నమ్ముతున్నాను. కాకపోతే ఒక్క సంగతి తేల్చకుండా ఆపరేషను బల్ల ఎక్కలేను. అది అయిదో అంశంలో మొదలవుతుంది. ఆత్రం కొద్దీ అక్కడికి దూకకండి, వరసగా చదవండి. కథ చివర ముందే చూడటం మన ఇంట్లో నిషేధమని అందరికీ తెలుసు.

1. నేను నివసిస్తున్న ఇల్లు, అందులోని సామాను, నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందవలెను. ఆమె తర్వాత కొడుకూ కూతురూ చెరిసగం. దీని మీద చర్చ లేదు.

2. దుకాణం, కుట్టుమిషన్లు, ఇస్త్రీ బల్ల, నా పెద్ద కత్తెర నా కోడలికి చెందవలెను. కొడుక్కి కాదు. అబ్బాయ్, మూతి ముడుచుకోకు. నువ్వు బస్సు బాగా నడుపుతావు, ఆ మాట నీ బస్సెక్కిన వాళ్ళే నాతో అన్నారు. సూదిలో దారం ఎక్కించమంటే మాత్రం నీతో పాటు నాక్కూడా చెమటలు పట్టిస్తావు. కొలతలు తీసేదీ, గుడ్డ కత్తిరించేదీ, పొట్ట పెరిగిన పెద్దమనిషికి ఆ సంగతి నొప్పి తెలియకుండా చెప్పేదీ కొంతకాలంగా నీ భార్యే. దుకాణం ముందు బోర్డు మీద నా బొమ్మ తీసేసి తన బొమ్మ వేయించుకున్నా నాకు అభ్యంతరం లేదు. నాది ఎటూ పోలిక కుదరలేదు.

3. టీవీ రిమోటు నా కూతురికి చెందవలెను. వెనక మూత ఊడిపోయి రబ్బరు బ్యాండుతో కట్టి ఉంది, ఉన్నది ఉన్నట్టుగా పుచ్చుకోవాలి. చిన్నప్పుడు దీనికోసం తను అన్నయ్య చెయ్యి కొరికింది. ఆ మచ్చ వాడి మణికట్టు మీద ఇప్పటికీ ఉంది కాబట్టి హక్కు రుజువైనట్టే. షరతు ఏమిటంటే, ప్రకటనలు వచ్చినప్పుడు వేరే ఛానెలుకు పోరాదు. పోయిన ప్రతిసారీ తిరిగొచ్చేసరికి అసలు సీను అయిపోతోంది.

తల్లీ, నీకు ఆసుపత్రిలో డ్యూటీ పడ్డ రోజు ఎపిసోడును ఫోన్లో ఒక్కదానివే చూసెయ్యకు. ఆదివారం పొద్దున మళ్ళీ వేస్తారు, అందరం నీతో కలిసి రెండోసారి చూస్తాం. మీ అమ్మకి రెండోసారే ఇంకా ఇష్టం. నవ్వు ఎక్కడొస్తుందో తెలుసు గనక అందరికంటే కాస్త ముందే నవ్వేస్తుంది. ఆ నవ్వు వినడానికే నేను చూసినవి చాలా ఉన్నాయి.

4. ముందుగదిలోని టీవీ అక్కడే ఉండవలెను. గోడంత టీవీ కొంటానని అబ్బాయి ఉబలాటపడుతున్నాడు. మీ అమ్మకి గోడంత బొమ్మ దేనికిరా? అంతగా చేతులు దురదగా ఉంటే మంచి స్పీకర్లు కొను. అడుగుల చప్పుడు ఎటువైపు నుంచి వస్తోందో ఆమెకు తెలియాలి.

5. ఇక కుర్చీ సంగతి. నా భార్యకు చూపు పోయి చాలాకాలమైంది. ఈ కాగితం చదవబోయే వకీలుగారికి తెలియని విషయమేమిటంటే, చూపు పోయినా ఆమె టీవీ మానలేదు. సాయంత్రం ఏడున్నర సీరియలంటే ఆమె చెవి కోసుకుంటుంది. తెర మీద మనుషులు మాట్లాడుతున్నంతసేపూ తనే వింటుంది. మాటలు ఆగిపోయి ఎవరో ఎవరివంకో చూసినప్పుడు, తలుపు చాటున ఎవరో నిలబడ్డప్పుడు, ఏడుపు బయటికి రాకుండా ఒకామె పెదవి కొరుక్కున్నప్పుడు, పక్కన కూర్చున్న మనిషి మెల్లగా చెవిలో చెప్పాలి. ఆ మనిషి కూర్చునేది ఆమె కుడిపక్క కుర్చీలో. ఇన్నాళ్ళూ అది నాది.

ఈ పనికి పద్ధతులున్నాయి. అవతలివాళ్ళు మళ్ళీ నోరు తెరిచేలోపు చెప్పడం అయిపోవాలి. కనబడ్డదే చెప్పాలి, నీకేమనిపించిందో చెప్పకూడదు. ఆమె బాధపడుతుందని ఏడుపును నవ్వుగా మార్చకూడదు, సంగీతం విని ఆమె పట్టేస్తుంది. నేను దర్జీని గనక ఎవరు తెర మీదికి వచ్చినా ముందు బట్టలే చెబుతాను. "బూడిదరంగు కోటు, ఎడమ భుజం కుట్టు కాస్త పైకి లాగేసింది" అంటే మా ఆవిడ మోచేత్తో ఒకటి పొడుస్తుంది. "ముందు మొహం చెప్పండి, కోటు తర్వాత చెబుదురు గాని."

ఆపరేషను మాట వచ్చినప్పటి నుంచి నా గుబులంతా ఆ కుర్చీ గురించే. రాత్రి అన్నం, వేళకు మందులు, తోడు, వీటన్నిటికీ పిల్లలున్నారు, వాళ్ళు లోటు చేయరు. కానీ ఏడున్నరకు పాట మొదలయ్యాక ఆమె పక్కన ఎవరూ లేక, మాటలాగిన చోటల్లా ఆమె అలా చీకట్లో ఎదురుచూస్తూ కూర్చుంటుందే, ఆ బొమ్మ నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. అందుకే ఒక్కొక్కర్నీ ఆ కుర్చీలో కూర్చోబెట్టి చూశాను.

అబ్బాయి బస్సు స్టాపులు చదివినట్టు చెప్పాడు. వచ్చాడు, కూర్చున్నాడు, లేచాడు, వెళ్ళాడు. ఒక తల్లి కొడుకు చొక్కా గుండెలకు హత్తుకుని సీను పొడుగునా నిలబడితే, "ఏం లేదమ్మా, ఊరికే నిలబడింది" అన్నాడు. అమ్మాయి మొదట్లో చక్కగా చెప్పింది. తర్వాత కథలో పడిపోయి, చెప్పడం మానేసి, తెర మీదికి అరవడం మొదలుపెట్టింది. "ఒరే, ఆ కాఫీ తాగకురా!" అంటుంది. "ఏ కాఫీ? ఎవరిచ్చారు? ఎందుకు తాగకూడదు?" అని వాళ్ళమ్మ అడిగేసరికి వాడు తాగేసి కిందపడిపోయాడు. కోడలు అన్ని విధాలా సరిగ్గా చెబుతుంది గానీ, కుట్టిన బట్టలు తీసుకుపోవడానికి జనం దుకాణానికి వచ్చేది సరిగ్గా ఆ వేళకే. శుక్రవారం శుక్రవారం మాతో కలిసి చూడటానికి వచ్చే మందుల షాపాయన ఉత్సాహంగా ముందుకొచ్చాడు. దుఃఖం సీను రాగానే మా ఆవిడకంటే ముందే ఆయన ఏడవడం మొదలుపెట్టాడు. మాకు ఆయన్ని సముదాయించడమే పనయింది. మెత్తని తెల్లగుడ్డ ముక్కలతో నేను కుట్టిన చేతిరుమాళ్ళ బొత్తి ఆయనకు చెందవలెను. ఇది ఎగతాళి కాదు. అలా మనసారా ఏడ్చే మనిషి పక్కన ఉంటే కథ చూసే సుఖం రెట్టింపవుతుంది.

6. మిగిలింది నా తమ్ముడు. ఈ మాట నా నోట వచ్చి ఏళ్ళయింది, రాస్తుంటే కలం కూడా మొరాయిస్తోంది.

వాడు వడ్రంగి. ఊరి చివర స్టూడియోలో సీరియళ్ళకు గోడలు, తలుపులు, మెట్లు కట్టడం వాడి పని. ఆ రోజుల్లో 'మూడో అంతస్తు' అని ఒక సీరియలు వచ్చేది. ఒక పాత భవనంలో మూడో అంతస్తున అద్దెకుండే సంసారాల కథ. అందులో ఆకుపచ్చ తలుపు వాటాలో ఉండే సంగీతం టీచరంటే మా ఇంటిల్లిపాదికీ ప్రాణం. ఇంటి యజమాని ఆమెను ఖాళీ చేయమంటాడు, ఆమె చేయనంటుంది. చేస్తుందా, చేయదా అన్నదే కథ. మా ఆవిడకు అప్పటికే చూపు మసకబారుతోంది, ఇక ఆగదని డాక్టర్లు చెప్పేశారు. ఆమె ఎవరినీ ఏమీ కోరలేదు. "ఈ ఒక్క కథ చివరిదాకా నా కళ్ళతో నేను చూస్తే చాలండీ" అంది. తెరకు బాగా దగ్గరగా పీట వేసుకుని చూసేది.

అప్పుడు మా తమ్ముడు భుజం మీద ఒక బల్ల మోసుకుని వచ్చాడు. "వదినా, టీవీ పెట్టుకోవడానికి. సెట్టు పీకేశారు, కలప పారేస్తుంటే మనసొప్పలేదు" అన్నాడు. మా ఆవిడ దాని మీద చెయ్యి వేసింది. మొహం దగ్గరగా పెట్టి చూసింది. ఆకుపచ్చ రంగు. టీచరు తలుపు మీద తాళంచెవి గీసుకుపోయి పడ్డ గీత కూడా అలాగే ఉంది. "అయితే ఆవిడ వెళ్ళిపోతుందన్నమాట" అంది నెమ్మదిగా. చివరి ఎపిసోడు ఇంకా రానేలేదు. ఆమె కళ్ళతో చూడబోయే ఆఖరి కథకు ఆఖరి ముడి అలా విడిపోయింది.

వాడి నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలిసిందే. ఆ రోజు నోరు మూసుకుని చేతులతో చెప్పేశాడు. నేను మండిపడి బల్లనూ వాణ్ణీ కలిపి గడప దాటించాను. బల్ల దుకాణానికి చేరి దారపు ఉండలు మోస్తోంది. వాడు మళ్ళీ రాలేదు, నేను రమ్మనలేదు. "ఆయన తెచ్చింది బల్లనండీ, కబురు కాదు" అని మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా నేను వినలేదు. తప్పు వాడిదేనని ఇప్పటికీ అంటాను, ఈ కాగితం మీద కూడా అంటున్నాను.

పోయిన నెల పరీక్షల కోసం నన్ను కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచారు. తిరిగొచ్చిన సాయంత్రం నా కుర్చీలో కూర్చుని, సీరియల్లో ఇంటి పెద్దాయన నీలం చొక్కాలో వచ్చాడని చెప్పబోతుంటే మా ఆవిడ అడిగింది, "మెట్ల దగ్గరే ఆగాడా? ఎడమపక్క మెట్లు, వాటి మీద కిటికీ వెలుతురు పడుతుంది. వంటింటి తలుపు ఉత్తుత్తిదే, వెనకాల గది లేదు" అని. నేనెప్పుడూ ఆమెకు మెట్లు చెప్పలేదు. కిటికీ అసలే చెప్పలేదు. నీకెవరు చెప్పారంటే, ఆ రోజు నాకోసం దుకాణం పెందలాడే కట్టేసి వచ్చిన కోడలు తల దించుకుని, "మీరు లేరు కదా మావయ్యగారూ, చిన్నమావయ్యగారిని పిలిచాను" అంది.

నాకు కోపం రావడానికి సిద్ధంగా ఉంది. అంతలో మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఇన్నాళ్ళూ కథలో వాళ్ళందర్నీ మన ముందుగదిలోనే కూర్చోబెట్టుకున్నానండీ. ఇప్పుడు నేనే వాళ్ళింటికి వెళ్ళొస్తున్నాను" అంది. ఆమె మొహంలో ఆ వెలుగు చూసి చాలాకాలమైంది. నాకు ఏడుపొచ్చింది. మందుల షాపాయన లేకపోవడం మంచిదైంది.

కావున, టీవీ ఎదుట నా భార్య కుడిపక్క కుర్చీ, అందులో కూర్చుని చెప్పే పనితో సహా, నా తమ్ముడికి చెందవలెను. షరతులు: స్టూడియోలో కట్టేదీ పీకేదీ స్టూడియోలోనే వదిలి రావాలి. ఇప్పుడు మేం చూస్తున్న సీరియలుకు కూడా ఇల్లు వాడే కట్టాడట, కాబట్టి ఈ షరతు మరీ గట్టిగా వర్తిస్తుంది. ఏ కలపతోనైనా సరే, చివరి ఎపిసోడు వచ్చేదాకా ఈ ఇంటికి బహుమతులు తేకూడదు. వాడికి కోటుకీ చొక్కాకీ తేడా తెలియదు గనక బట్టల సంగతి ఆదివారాలు కోడలు నింపాలి. ఆకుపచ్చ బల్ల దుకాణం నుంచి తిరిగొచ్చి టీవీ కింద ఉండాలి. దారపు ఉండలకు వేరే చోటు చూసుకోవాలి.

7. ఈ వీలునామాను అమలుపరచే బాధ్యత నా కోడలిది. ఇంట్లో చేయాల్సిన పని చెప్పకుండానే చేసేది తనొక్కతే అని పై అంశంలో రుజువైంది.

8. వీలునామా రాసినవాడు కన్నుమూశాకే అది చెల్లుతుందని వకీలుగారు చెప్పారు. మిగతావన్నీ అలాగే కానివ్వండి, నాకేం తొందర లేదు. ఆరో అంశమూ, రుమాళ్ళూ మాత్రం ఈ సాయంత్రం ఏడున్నర నుంచే అమలు కావలెను. ఎలాగూ పోతూ పోతూ ఇచ్చేది బతికుండగా ఇస్తే, ఇచ్చినవాడు కూడా కథ చూడొచ్చు. నేను తిరిగొస్తే ఎక్కడ కూర్చోవాలని అబ్బాయి అడిగాడు. ఎడమపక్క ఖాళీగానే ఉంది. గదులూ మెట్లూ తమ్ముడు చెబుతాడు, కాలర్లు నేను చెబుతాను. ఆమెకు రెండు చెవులున్నాయి.

పుచ్చుకునేవాడే సాక్షి సంతకం పెట్టవచ్చునా అని ఇప్పుడే వకీలుగారికి ఫోను చేసి, సంగతి చెప్పి అడిగాను. చెప్పే పని ఆస్తి కాదు గనక, కుర్చీని ఎత్తుకుపోకుండా ఉంటే పెట్టవచ్చని నవ్వారు. రెండో సాక్షికి చోటు వదిలాను. కోడలు తమ్ముడి దగ్గరికి కబురు తీసుకుని వెళ్ళింది. వాడు వస్తాడో రాడో తెలియదు. మా ఆవిడ మాత్రం వస్తాడని కుడిపక్క కుర్చీ అప్పుడే దులిపింది.

తేదీ: ఆగస్టు ఇరవై ఒకటి, శుక్రవారం, దీపాలు పెట్టేవేళ.

సంతకం: దర్జీ

మొదటి సాక్షి: మందుల షాపు యజమాని. రుమాళ్ళు ముట్టాయి. ఒకటి అప్పుడే తడిసింది.

రెండో సాక్షి: తమ్ముడు, వడ్రంగి. బల్ల నేనే మోసుకొచ్చాను. అన్నయ్యా, ఈ కథ చివర ఏమవుతుందో నాకు తెలుసు. వదినకు చెప్పను, నీకూ చెప్పను. నువ్వు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి, ఎడమపక్క కూర్చుని చూడాల్సిందే.