క్లిప్పు ఊడిన ఆదివారాలు

బేతంచెర్ల,
14-2-2006.

జ్యోతీ,

ఇట్లా పిలిచే హక్కు నాకింకా ఉందో లేదో తెలియదు. పదహారేళ్ళుగా నోటికి అలవాటైన పిలుపు, కలం పట్టగానే అదే వచ్చింది. ఫోను చేస్తే మీ అన్నయ్య ఎత్తి "జ్యోతి ఇంట్లో లేదప్పా" అంటాడు. నువ్వు ఇంట్లోనే ఉంటావని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

మొన్న ఆదివారం వాసవి చేతికిచ్చి పంపిన నీ చీటీ చదివాను. ఇరవై నెలల్లో సరి అవుతాయన్న పళ్ళు ముప్పై మూడు నెలలైనా సరి కాలేదు, ఆ డాక్టరమ్మకు పని రాదు అన్నావు. రాయచోటిలో ఎవరో ముందరి నాలుగు పళ్ళూ అరగదీసి తొడుగులు వేస్తారట, రెండు వారాల్లో ముగిసిపోతుందట, పిల్లను అక్కడికి తీసుకుపోతానని రాశావు.

జ్యోతీ, నామీద ఎంత కోపమున్నా ఆ పని మాత్రం చేయకు. పొద్దున లేస్తే నాపరాళ్ళు పాలిష్ పట్టించడమే నా బతుకు. అరిగింది మళ్ళీ రాదని నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. పద్నాలుగేళ్ళ పిల్ల పళ్ళు, పురుగు కూడా లేనివి. వంకరగా ఉన్నాయన్న ఒక్క నేరానికి వాటిని మొండి చేసుకుంటామా?

డాక్టరమ్మ తప్పు కూడా ఏమీ లేదు. ఆమె తిరుపతి నుంచి కడపకు నెలకొక్కసారి, రెండో ఆదివారం మాత్రమే వస్తుంది. పంటికి అతికించిన క్లిప్పు ఊడిందంటే మళ్ళీ ఆమె వచ్చేదాకా ఆ పన్ను ఉన్నచోటే ఉండిపోతుంది, ఒక్కోసారి వెనక్కి కూడా పోతుంది. మన పిల్లకు ప్రతి నెలా ఏదో ఒక క్లిప్పు ఊడుతోంది. పోనీ గట్టిగా బిగించి తొందరగా లాగండమ్మా అని నేనే ఒకసారి అడిగాను. "గట్టిగా లాగితే తొందరగా రావండీ, పన్ను వేరు దెబ్బతింటుంది. ఎముక కదలడానికి దాని టైము దానికి కావాలి" అంది. ఇంకొక్క ఏడాది ఓపిక పట్టు. ఇన్నాళ్ళు పట్టావు కదా.

ఇక్కడ అంతా మామూలే. దగ్గినా తుమ్మినా తెల్లటి దుమ్ము. నీ ఆరోగ్యం జాగ్రత్త.

ధనుంజయ


బేతంచెర్ల,
13-3-2006.

జ్యోతీ,

నిన్న కడప నుంచి వచ్చినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని కూర్చుంటున్నాను, లేస్తున్నాను. చాలా అలసటగా ఉంది. పనివల్ల వచ్చిన అలసట అయితే పడుకుంటే పోయేది.

నిన్న డాక్టరమ్మ పిల్లకు ఎక్స్‌రే తీయించింది. వాసవిని బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచింది. వెలుగుకు పట్టి చూపించింది. ముందరి రెండు పళ్ళ వేళ్ళ కొసలు మొద్దుబారినట్టు కనిపించాయి. "ఇలా కొంచెం అరగడం కొందరిలో మామూలే. కానీ వైద్యం సాగేకొద్దీ ఇంకా అరుగుతుంది. ఇక సాగదీయడానికి లేదు. క్లిప్పులు ఊడకుండా, పై పళ్ళకూ కింది పళ్ళకూ తగిలించే రబ్బర్లు రోజుకు ఇరవై రెండు గంటలు పెట్టుకుంటూ, ఒక్క ఆదివారం కూడా తప్పకుండా వస్తే ఆరు నెలల్లో తీసేస్తాను. మీ పిల్ల ఏం తింటోంది? ఇన్నిసార్లు ఎవరికీ ఊడవు" అంది.

జాగ్రత్తగా చూసుకుంటామని చెప్పి ఎక్స్‌రే కవరు తీసుకున్నాను. ఆమె ముఖం వంక చూడలేకపోయాను. నీకు మాత్రం చెప్పాలి.

మనం విడిపోయినప్పుడు మీ మేనమామ రామసుబ్బయ్య గారు పెద్దమనిషిగా కూర్చుని ఏమన్నారో గుర్తుందా? "పిల్ల పండ్లు బాగయ్యేదాకా నెలకొకసారి నాయన కడపకు పిల్చుకపోతాడు. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత చూస్తాం" అన్నారు. మీ అన్నయ్య అంగట్లో పదిమంది ముందర నా నోటి దురుసుతనం నేను చూపించి వచ్చినవాణ్ణి. ఆ మాత్రం దొరకడమే ఎక్కువనుకుని తలూపాను. ఇంటికొచ్చాక తెలిసింది, పళ్ళు బాగైన రోజు నాకు కూతురు ఉండదని.

మొదటి ఏడాది వాసవి పళ్ళు చకచకా కదిలాయి. డాక్టరమ్మ "ఇరవై నెలలు కూడా పట్టవేమో" అని మెచ్చుకుంటే ఇంకెన్ని ఆదివారాలు మిగిలాయో లెక్కపెట్టుకున్నాను. సంతోషంతో కాదు, భయంతో. ఆ రోజు బయటికి రాగానే బస్టాండు దగ్గర చెరుకు కొనిచ్చాను. "క్లిప్పులున్నాయి కదా నాన్నా" అంది. "పక్క పండ్లతో కొరుకు బంగారూ, ఏం గాదులే" అన్నాను. నేను ఇటు తిరిగి బస్సు బోర్డులు చదువుతూ నిలబడ్డాను. టక్కుమని చిన్న చప్పుడు వినిపించింది. తిరిగి చూడలేదు.

ఆ తర్వాత అలవాటైంది. ఒక నెల చెరుకు, ఒక నెల పళ్ళకంటుకునే వేరుశనగ పప్పుచెక్క. రెండుసార్లు రైలు తప్పిపోయిందని అబద్ధం చెప్పి ఆదివారాన్ని పోగొట్టాను, ఒక రోజు పోతే వైద్యం ఇంకో రెండు నెలలు సాగుతుందని. ఏ తండ్రైనా ఇట్లా చేస్తాడా అని నువ్వు అడుగుతావు. తెల్లారకముందే లేచి నంద్యాలకు ప్యాసింజరు, అక్కడి నుంచి కడపకు బస్సు ఎక్కినవాణ్ణి అడుగు. ఆ పిల్ల వేంపల్లె బస్సు దిగి, నన్ను వెతుక్కుంటూ నాలుగు పక్కలా చూస్తుంది. ఆ ఒక్క నిమిషం కోసం నెలంతా రాళ్ళ మధ్య గడుపుతున్నాను. కారందోశ తిన్నా తినకపోయినా ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంది. ఆ ఆదివారాన్ని పొడిగించుకోవడానికి దాని నోటిని వాడుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది జ్యోతీ.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. వచ్చే నెల నుంచి నువ్వే తీసుకుపో. నేను రాను. నేనుంటే మళ్ళీ ఏదో ఒకటి కొనిపెడతాను, నామీద నాకు నమ్మకం లేదు. ఆరు నెలల్లో పళ్ళు బాగవుతాయి. రాయచోటి మాట మాత్రం మరిచిపో. పిల్లకు ఈ సంగతి చెప్పకు. నాన్నకు పని ఎక్కువైందని చెప్పు.

ధనుంజయ


వేంపల్లె,
20-3-2006.

నాన్నకు,

అమ్మకు రాసిన ఉత్తరం నేను చదివాను. నాకు చెప్పొద్దని రాశావు, అయినా అమ్మ చదివి నా చేతికే ఇచ్చింది. "నీ నోటి సంగతి, నువ్వే చదువుకో" అనింది.

మొదటి చెరుకుముక్క నాడే నాకు తెలుసు నాన్నా. నేనేమీ చిన్నపిల్లను కాదు. క్లాసులో క్లిప్పులున్న అమ్మాయిలు ఇంకా ఇద్దరుండేవాళ్ళు, వాళ్ళకు ఎప్పుడూ ఊడేవి కావు. నువ్వు బస్సు బోర్డులు చదువుతుంటే నాకు నవ్వొచ్చేది. మైదుకూరు, బద్వేలు, రాజంపేట అని పైకే చదివేవాడివి, ఎప్పుడూ చూడని ఊర్లైనట్టు.

తప్పంతా నీదేనని రాసుకున్నావు. అంతా నీది కాదు. డాక్టరమ్మ ఇచ్చిన రబ్బర్లు నేను ఇంటి నుంచి బడి దాకానే పెట్టుకునేదాన్ని. బడి గేటు దగ్గర తీసి కంపాసు పెట్టెలో వేసేదాన్ని. ఆమె అడిగిన ప్రతిసారీ రోజంతా పెట్టుకుంటున్నానని చెప్పాను. రామసుబ్బయ్య తాత అన్న మాట నాకూ తెలుసు. పళ్ళు బాగైతే నువ్వు రావని నేనూ అనుకున్నాను.

కానీ నాన్నా, నాకు విసుగొచ్చేసింది. తీగ కొస గుచ్చుకుని బుగ్గ లోపల ఎప్పుడూ పుండే. కారం తింటే మంట. బడిలో నన్ను "తీగల వంతెన" అని పిలుస్తారు. మిగతా ఇద్దరికీ పోయినేడే తీసేశారు, నేనొక్కదాన్నే మిగిలాను. రాత్రి పళ్ళు నొప్పి పుడితే, ఇది నాన్న కోసం అనుకుని పడుకునేదాన్ని. ఇక అనుకోలేను. ఈ వారం నుంచి రబ్బర్లు తీయడం లేదు, అన్నానికి తప్ప. ఆరు నెలల్లో నావి తీసేయాలి.

అమ్మ గురించి కూడా చెప్పాలి. నీ ఉత్తరం చదివి నా చేతికిచ్చి వంటింట్లోకి పోయింది. బియ్యం చాటలో పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చుంది. నేనే ఉండబట్టలేక, "నాన్న పాపం, ఎంత బాధపడతాండాడో చూడు" అన్నాను. అప్పుడు అరిచింది.

"పాపమా? మూడేండ్లాయె. పిల్లను దసరాకు నా దగ్గరికి పంపు జ్యోతీ అని ఒక్కతూరన్నా అడిగినాడా? అడిగింటే నేను వద్దనేదాన్నా? నేనే రెండుతూర్లు నీతో కడప బస్టాండు దాకా వచ్చింటి. నన్ను చూసి ఆ పక్కకు తిరుక్కున్యాడు. అడిగితే యాడ తక్కువైపోతాడో అని! ఇప్పుడు ఉత్తరంలో సిగ్గుగా ఉండాదంట!"

నేను నీ వైపే మాట్లాడాను నాన్నా. నువ్వు అడిగే ఉంటావని, మామ ఫోనులో చెప్పి ఉండడని అన్నాను. మామను పిలిచి అడిగాం. "జ్యోతి ఉండాదా అంటాడు, లేదంటే పెట్టేస్తాడు. పిల్లను పంపమని నాతో ఎప్పుడూ అనలేదు" అన్నాడు.

అంటే నువ్వు నిజంగానే అడగలేదా? అమ్మ కాదంటుందని నువ్వు అనుకున్నావు, ఆ అనుకోవడం మీద నేను ఇన్ని నెలలు క్లిప్పులు పెట్టుకున్నాను. రాళ్ళ దుమ్ములో నువ్వు, ఇక్కడ పుండు నోటితో నేను, చాటతో అమ్మ. ఒక్క మాట అడగనందుకు ఇంత చేశామా మనం?

ఇప్పుడేమో రానని రాశావు. మళ్ళీ అదే పని. ఎవరూ వద్దనక ముందే నువ్వే వెళ్ళిపోతున్నావు.

ఏప్రిల్ తొమ్మిది రెండో ఆదివారం. నన్ను అమ్మే తీసుకొస్తోంది. నువ్వు కూడా రా. చెరుకు వద్దు, పప్పుచెక్క వద్దు. అమ్మ ఎదురుగా నిలబడి, పిల్లను సెలవుల్లో బేతంచెర్లకు పంపమని అడుగు. నేను పక్కనే ఉంటాను గానీ ఈసారి నీ తరఫున మాట్లాడను. అది నువ్వే అడగాలి.

నీ
వాసవి