దొరైస్వామి తాగని రసం

జూన్ 9, సోమవారం

అభినయకు మళ్లీ కడుపునొప్పి. స్కూలు ఎగ్గొట్టడానికి నా మనవరాలు నన్ను మించి నాటకాలాడుతోందని ఏడిపించాను. నవ్వలేదు. నా జోకుకు ఆ ఆరేళ్ల పిల్ల నవ్వలేదంటే నిజంగానే ఏదో ఉంది. ఆస్పత్రిలో రక్తం తీసుకున్నారు.

జూన్ 13, శుక్రవారం

రక్తంలో లెడ్ ఉందట. సీసం. చాలానే ఉందట.

మీ ఇల్లు యాడ, పక్కన బ్యాటరీ షాపుందా, గోడల పెయింట్ పెచ్చులు పిల్ల నోట్లో పెట్టుకుంటుందా అని డాక్టరమ్మ అడిగింది. ఏదీ లేదన్నాను. చివరికి, దేంట్లో వండుతారు అంది. మా ఇంట్లో రసం ఎప్పుడూ ఈయచెంబులోనే అని గొప్పగా చెప్పాను. తగరం చెంబు, వెండిలా మెరుస్తుంది, నీళ్లు పోయకుండా పొయ్యి మీద పెడితే కరిగిపోతుంది, ఆ రుచే వేరు. ఆమె రాయడం ఆపేసింది. అసలు తగరమైతే సరే, చవగ్గా వస్తుందని కొందరు సీసం కలుపుతారట. పులుపు తగిలితే అది రసంలోకి దిగుతుందట. పిల్లలకైతే మెదడు మీదే దెబ్బట.

ఇంటికొచ్చి చెంబు అంచుతో గడప దగ్గర సిమెంటు మీద గీశాను. పెన్సిల్‌లా నల్లగా గీత పడింది, సీసముంటేనే అలా పడుతుందట. ఒక ముక్క కత్తిరించి ల్యాబ్‌కిచ్చాం.

జూన్ 14

విల్లియనూరు బజారుకు వెళ్లాను. చెంబు అమ్మింది అక్కడి పాత్రల షాపు దొరైస్వామి. ఏంది అక్కా, మా తాత కాలం నుంచీ అమ్ముతుండాం, ఎవురన్నా పోయినారా, మీ పాప యాడ మట్టి తినిందో చూసుకోపో అన్నాడు. పోనీ ఇంకో చెంబు తీసుకోమన్నాడు.

ఇంకో చెంబు!

మా ఆయన మునుసామి, మనోడే కదే, ఊరంతా గొడవెందుకు, వదిలెయ్ అన్నాడు. నేను వదలను.

జూన్ 20

ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. సగానికి పైగా సీసమే.

జూన్ 22, ఆదివారం

పెళ్లిళ్ల సీజన్, దొరైస్వామి షాపు నిండా ఆడవాళ్లు. ఇంటి నుంచి తెచ్చిన క్యారేజీ మూత తీసి టంబ్లర్‌లో వేడి రసం పోశాను. తమ్ముడూ, నీ చెంబులో కాసిన రసం, నీ కోసమే తెచ్చినా, తాగు అన్నాను. ముందు గ్యాస్ట్రిక్ అన్నాడు. తర్వాత ఉపవాసం అన్నాడు. ఆ తర్వాత షుగర్ అన్నాడు. రసంలో చక్కెర యాడుందిరా అంటే అందరూ నవ్వారు. తన చెంబులో కాసింది తానే తాగడం లేదని అప్పుడు అర్థమైంది వాళ్లకు. చంకలో పాపతో ఉన్న ఒకామె చేతిలోని చెంబును మెల్లగా బల్ల మీద పెట్టేసింది. ఆమె వెనక ఇంకొకామె. పోలీసుల్ని పిలుస్తా అన్నాడు. పిలువు, వాళ్లకూ చాలినంత తెచ్చినా అన్నాను.

నిజం ఇక్కడే చెప్తాను. ఇంట్లో తెలుగు చదివేది నేనొక్కదాన్నే, మిగతావాళ్లు చదివేది తమిళమే. అది స్టీలు గిన్నెలో కాసిన రసం. వచ్చేటప్పుడు బస్సులో నేనే తాగేశాను. మిరియాలు కాస్త ఎక్కువయ్యాయి.

అయినా వాడు చుక్క ముట్టలేదంటే, చెంబులో ఏముందో వాడికి ముందే తెలుసు.

జూన్ 27

దొరైస్వామి చెంబుల్ని షాపు లోపలికి సర్దేశాడట. లోపల పెడితే అమ్మకుండా ఉంటాడా? రిపోర్ట్ తీసుకుని సోమవారం ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ దగ్గరికి పోతున్నాం. ఆరోజు షాపులో చంకలో పాపతో ఉన్నామె, పేరు నిర్మలట, ఆమె కూడా వస్తానంది. వాళ్ల పాపకూ టెస్ట్ చేయిస్తోంది. మునుసామి ఆటో మాట్లాడాడు, నేనడక్కుండానే.

అభినయ రక్తంలో ఉన్నది ఒక్కసారిగా పోదట. వచ్చే నెల మళ్లీ టెస్ట్. ఇవాళ మాత్రం నా జోకుకు నవ్వింది.

జూన్ 30, సోమవారం, ఆటో వచ్చేలోపు

ఈ లైను పెన్నుతో రాయలేదు. మిగిలిన చెంబు అంచుతో రాశాను. ఎంత బాగా పడిందో చూడు. పోయి చేతులు కడుక్కోవాలి.