అమ్మ ఎత్తిన చెయ్యి

హైదరాబాదు చంపాపేటలో ఉంటున్న, శిల్పకళ ప్రొఫెసర్‌గా రిటైరైన గంజి వాసంతి అనే నేను, అరవై ఎనిమిదో ఏట, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో రాయిస్తున్న వీలునామా ఇది. వణుకుతున్నవి చేతులే, బుద్ధి కాదు. ఇదివరకు రాసినవి ఇక చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా పాత విద్యార్థి మహిపాల్‌ది.

1. నా స్వార్జితమైన చంపాపేట ఇంట్లో అండాలమ్మ బతికినన్నాళ్లూ ఉండవచ్చు. పోచంపల్లి దగ్గర మా ఊళ్లో అమ్మ పక్కన కూర్చుని నూలు పని చేసిన మనిషి ఆమె. అమ్మ మంచాన పడ్డ ఏడు నెలలూ స్నానం చేయించింది, అన్నం తినిపించింది ఆమే. నేనప్పుడు ఢిల్లీలో పల్లె స్త్రీల మీద ప్రదర్శన పెట్టుకుని ఉన్నాను. ఆమె తదనంతరం ఆ ఇల్లు నా విద్యార్థిని మౌనికకు సర్వహక్కులతో చెందుతుంది.

2. నా పనిముట్లన్నీ మౌనికకే. వాటిలో పొట్టి పిడి ఉలిని ఆమె ఎడమచేతి వాటం చూసి చేయించాను. ఇవ్వడానికి మొహమాటపడ్డాను.

3. మా కళాశాల వారు సంతాపసభ పెట్టరాదు. ముప్పై ఏళ్లు నన్ను ‘ఊరి బొమ్మల మేడమ్’ అని నవ్వినవాళ్ల పొగడ్త నాకు అక్కర్లేదు.

4. నా తమ్ముడు నరేష్‌కుమార్‌కు ఏమీ చెందదు. దిల్‌సుఖ్‌నగర్‌లో అతని చీరల షాపు గుమ్మంలో ఉన్న కంచు విగ్రహం నాది. అది మా అమ్మ భూలక్ష్మి. నూలు చుట్టే ఆసు ముందు కుడిచెయ్యి ఎత్తి కూర్చుని ఉంటుంది. ఒక్కో చీరకు ఆ చెయ్యి వేలసార్లు ఆడేది. షాపు ప్రారంభానికని నెల రోజులకు తీసుకుపోయి తొమ్మిదేళ్లుగా అక్కడే ఉంచుకున్నాడు. దాని పక్కన కొనేవాళ్లు ఫొటోలు దిగుతారు. అమ్మ బతికుండగా ఒకసారి ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగి, పాత చీరలో షాపుకు వస్తే, "గిరాకీ టైమమ్మా, గోదాంల కూసో పో" అన్నాడు. తన విగ్రహాన్ని దాటుకునే ఆమె లోపలికి పోయింది. సాయంత్రం దాకా మూటల మధ్య కూర్చుంది. మహిపాల్ ఆ విగ్రహాన్ని తెప్పించాలి. అడ్డుపడితే కోర్టుకు వెళ్లాలి.

5. తమ్ముణ్ని తిట్టి ఊరుకుంటే ఈ కాగితం అబద్ధమవుతుంది. ఆ విగ్రహం కోసం అమ్మను పంతొమ్మిది రోజులు చెయ్యి ఎత్తించి కూర్చోబెట్టింది నేను. అప్పటికే ఆమె భుజం పాడైందని నాకు తెలుసు. మూడో రోజు, "జర దించుత బిడ్డా, గుంజుతున్నది" అన్నది. "కదలకమ్మా, నీడ మారుతది" అన్నాను. మళ్లీ అడగలేదు. ఆ విగ్రహానికి నాకు బహుమతి వచ్చింది, దానితోనే ప్రొఫెసర్‌నయ్యాను. ఆమెను దవాఖానకు మాత్రం తీసుకుపోలేదు.

కాబట్టి పీఠం మీది పలకను ఊడదీయాలి. దాని మీద ‘పల్లె తల్లి’ అనీ, కింద నా పేరూ ఉన్నాయి. రెండూ ఉండరాదు. ‘గంజి భూలక్ష్మి’ అని మాత్రం చెక్కించి, ఆమె కూలికి పనిచేసిన ఊళ్లోనే, నేతవాళ్లు ఒప్పుకున్న చోట పెట్టాలి. ఎవరు చేశారని అడిగితే, తెలియదని చెప్పండి.

తేదీ: 12 మార్చి 2025, చంపాపేట

(సంతకం) గంజి వాసంతి

సాక్షులు:
1. సీతారాములు, చంపాపేట
2. స్వప్న, ఎల్‌బీ నగర్