కీచురాళ్లకు మధ్యాహ్నం మేత

వగియెమ్,

బ్రంతాస్ నది పొంగి మన పెరట్లోకి వచ్చిన ఏడాది నువ్వు చూపించిన మేతే ఇప్పటికీ కలుపుతున్నాను. ఇవాళ నీ బట్టల కోసం వస్తున్నావని మీ చెల్లెలు చెప్పింది. ఇది నువ్వు చదివేదాకా నీకు ఎదురుపడకుండా, సురబయలో బల్లులు పెంచుకునేవాళ్లకు వాటి మేతకని మన కీచురాళ్లు ఇచ్చి రావడానికి పోతున్నాను.

పెట్టెల్లో పిల్లలున్నాయి. మధ్యాహ్నం ఒక్కసారి మేత వెయ్యి. రెండు పాళ్లు తవుడు, ఒక పాలు మొక్కజొన్న పిండి, గుప్పెడు ఎండుచేపల పొడి. నీళ్లగిన్నె పెట్టకు, పడి చస్తాయి. తడికి అరటి బోదె ముక్కలు చాలు.

చీకటి పడేలోగా వస్తాను. అప్పటికి నువ్వు ఇంట్లో ఉంటే బాగుండును. మగ కీచురాళ్లు ఎంత కూసినా ఇల్లు బోసిగానే ఉంది.

ఇంకొక మాట. ఆ వరద ఏడాది మన కీచురాళ్లన్నీ చస్తే, నీ మేత వల్లేనని ఊరంతా చెప్పాను. "నా చేతి మేత తింటే చస్తారా? నలభై ఏళ్లుగా తింటున్నావ్, నువ్వింకా చావలేదే!" అని ఆ సాయంత్రమే వెళ్లిపోయావు. తప్పు మేతది కాదు. వాటికి వేసే మన బొప్పాయి ఆకు వరదకు కుళ్లిపోతే, పురుగుమందు కొట్టిన మిరప తోట గట్టు మీది ఆకు కోసి వేసింది నేనే. మర్నాడు పొద్దున్నే మిగిలిన ఆకును అరటిచెట్ల కింద పాతిపెట్టి వచ్చి, అలవాటుగా రెండు గ్లాసుల్లో కాఫీ పోశాను.