గొట్టం సంగతి అడిగినందుకు

బుధవారం, బెడోక్, సింగపూర్

ఒళ్ళు మండిపోతోంది. కంప్యూటర్లలో వైటూకే తేదీలు సరిచేసే పనికని సింగపూర్ వచ్చిన నన్ను, అది అయిపోగానే ఆస్ట్రేలియాలో చలికాచుకునే కట్టెల పొయ్యిలు అమ్మే కంపెనీ ఫిర్యాదుల ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు.

మెల్‌బోర్న్ నుంచి ఒక పెద్దావిడ ఇంతకుముందు రెండుసార్లు చేసి, ఇవాళ మూడోసారి ఫోన్ చేసింది. వాళ్ళింటి పాత ఇటుక చిమ్నీలో మా వాళ్ళు బిగించిన పొయ్యి గదంతా పొగ నింపుతోందట. మాకిచ్చిన కాగితంలో పొగకి ఒకటే జవాబు: కట్టెలు తడిగా ఉన్నాయి, ఆరబెట్టండి. పాపం, రెండుసార్లూ ఆరబెట్టింది. ఇవాళ దగ్గుతూనే మాట్లాడింది.

మా నాన్న టీకొట్లో పొయ్యి గొట్టం ఊడినప్పుడూ పొగ ఇలాగే లోపలికొచ్చేది. "గొట్టం చిమ్నీ పైదాకా ఉందేమో చూస్తారా?" అన్నాను. పొయ్యి వెనక టార్చ్ వేసి చూసింది. మూరెడు గొట్టం పెట్టి, అక్కడితో వదిలేశారట. వెంటనే నిప్పు ఆర్పేసి కిటికీలు తెరవమన్నాను.

నా కాల్ వింటున్న సూపర్‌వైజర్, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో సహా పరిగెత్తుకొచ్చాడు. "కాగితంలో లేనిది ఎందుకడిగావ్ లా? తప్పు మన మీదకొస్తుంది!"

మరి ఎవరి మీదకి రావాలి? ఆవిడ మీదకా?

తడి కట్టెలని చెప్పిందెవరో రేపు వాడి మొహాన కొడదామని ఆవిడ పాత కాల్స్ రికార్డు తీసి చూశాను. కట్టెలు తడి అని రెండుసార్లూ చెప్పింది నేనే. ఇవాళ ఆవిడ గొంతు కూడా నేను గుర్తుపట్టలేదు.