కింది వరుస నుంచి

నవాగామ్, సూరత్
7 జూన్ 2020

చిన్నప్పుడు నన్ను పత్రికలో గళ్ళ నుడికట్టు ముందు కూర్చోబెట్టిన లలితక్కకు,

నీ ఉత్తరం పదకొండు రోజులకు అందింది. ఫోనులో నా మాట నీకు సగమే వినపడుతుంది కనుక ఈ కాగితాల మీద మాట్లాడుకోవడమే మనకు మేలు. ఇద్దరమూ క్షేమంగా ఉన్నాం. రాజమ్మ నీకు రాయమన్న మాటను ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "మీ తమ్ముడు ఇంట్ల ఉన్నడు గని ఇంట్ల లేడు వదినె, గా కాగితంల ఉన్నడు. మా బిడ్డ పెండ్లిసూపులప్పుడు పిలగాన్ని గూడ గింత నిగరానిగ సూడలె." ఆమె కోపంలో న్యాయం ఉంది. ఆ కాగితం సంగతే నీకు చెప్పాలి.

కార్ఖానా మూతపడి డెబ్బై రోజులు దాటింది. మగ్గాల మీద పనిచేసేవాళ్ళు చాలామంది మే నెలలో రైళ్ళెక్కి ఊళ్ళకు పోయారు. నా పని నీకు తెలిసిందే. జాకార్డు చీర మీద పువ్వో పిట్టో రావాలంటే ముందు దాన్ని గ్రాఫు కాగితం మీద గడి గడిగా నింపాలి. ఆ గళ్ళను చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలు చెప్పినట్టు మగ్గం దారాలను ఎత్తుతుంది. ముప్పై ఏళ్ళు గళ్ళు నింపిన చేతికి నింపడానికి ఏమీ లేక, గోధుమలు ఏరడంలో రాజమ్మకు సాయం చేశాను. గింజలను వరుసలు పేరుస్తున్నానని ఆమె చేట లాక్కుంది.

అలాంటి రోజుల్లో 'ఆఖరీ స్టాప్' మళ్ళీ వచ్చింది. షూటింగులు ఆగిపోయి టీవీవాళ్ళు పాత సీరియళ్ళు వేస్తున్నారు కదా, అందులో ఇదొకటి. ప్రతి వారం కొత్త కథ, కొత్త మనుషులు. మారనిది ఒక్కటే: ఒక బస్సు చివరి స్టాపులో ఆగుతుంది, ఒక్క ప్రయాణికుడు దిగుతాడు, అతని కథే ఆ వారం కథ. పాతికేళ్ళ కిందట ఈ ఊళ్ళోనే వడోద్‌లో కార్ఖానా టీవీ ముందు మేమంతా నేల మీద కూర్చుని చూసేవాళ్ళం.

పోయిన ఆదివారం కథలో భార్య మెడలోది అమ్ముకుని వచ్చిన ఒక వడ్రంగి దిగాడు. ఆ సాయంత్రం, మందుల దుకాణం పరమేశ్వర్ నడిపే మన తెలుగువాళ్ళ ఫోను గుంపులో ఒక నుడికట్టు ప్రత్యక్షమైంది! కూర్చినవారి పేరు లేదు, 'చివరి ప్రయాణికుడు' అని మాత్రం ఉంది. ఆధారాలన్నీ ఆ వడ్రంగి కథలోంచే, కానీ ఒక్కటీ సూటిగా లేదు. "కలప వెనుదిరిగితే అక్షరాలు దిద్దుకోవచ్చు, మూడు గళ్ళు" అని ఒకటి. క-ల-ప, వెనక నుంచి చదువు అక్కా. పలక! నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "నిద్రలో వచ్చేదీ దేవుడు ఇచ్చేదీ కలిస్తే మనసు కుదుటపడదు, నాలుగు గళ్ళు." కల, వరం. కలవరం! "వడ్రంగి చేసిన మంచం తలకిందులైతే రాయలసీమ ఊరు." పడకను తిప్పితే కడప! నువ్వు ఎదురుగా ఉంటే చప్పట్లు కొట్టేదానివి.

చిక్కు ఎక్కడంటే, జవాబులు దొరుకుతున్నాయి గానీ గళ్ళలో కూర్చోవడం లేదు. గళ్ళు చేత్తో గీసినవి, వాటిలో అంకెలు వేయలేదు. అంకెలు ఆధారాలకే ఉన్నాయి. ఒకటి అడ్డం కలవరం. పై వరుస మొదట్లో ఉన్నవేమో మూడు గళ్ళు. పరమేశ్వర్ ఫోను చేశాడు. "రాజమన్నా, నాలుగక్షరాలు మూడు గడులల్ల ఎట్ల వడ్తయే? గీసినాయన తాగి గీసిండా ఏంది?" గుంపులో అందరిదీ అదే మాట, తప్పుల నుడికట్టు అని వదిలేశారు. నాకు మాత్రం అది తప్పు అనిపించడం లేదు. అంత శ్రద్ధగా గీసిన గీతలు తప్పు చెప్పవు. నకలు తీసి ఇందులో పెట్టాను, నీ కంటికి ఏమైనా తోస్తే రాయి.

నీ తమ్ముడు
లక్ష్మీరాజం

*

నవాగామ్
16 జూన్ 2020

లలితక్కా,

విడిపోయింది! నీ జవాబు వచ్చేదాకా ఆగలేక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఆ నుడికట్టును పెద్దది చేసి చూద్దామని అసలైన గ్రాఫు కాగితం తీసి, పెన్సిలు చెక్కి, గళ్ళు దించాను. అంకెలు వేస్తూ పోయాను. అన్నీ వేశాక చూస్తే ఒకటో అంకెకు నాలుగు గళ్ళు ఉన్నాయి! నా చేయి తన అలవాటు ప్రకారం అంకెలను అడుగు వరుసలో ఎడమ మూల నుంచి వేసుకుంటూ పైకి పోయింది. మా పనిలో అంతే అక్కా. బట్ట నేత కింది నుంచి పైకి పెరుగుతుంది కనుక గ్రాఫును కింది వరుస నుంచే లెక్కపెడతాం. కలవరం అడుగు వరుసలో కూర్చుంది. అందులోని 'క' నుంచి కడప పైకి ఎక్కింది. కడపలోని 'ప' దగ్గర పలక మొదలైంది. గంటలో అన్నీ నిండాయి. చివరి ఆధారం, "ఆభరణానికి సగం రంగు అద్దితే పెద్ద ఊరు", దానికి పట్టణం అని రాసేశాను. ఆభరణం సంగతి ఆలోచించేంత నిదానం అప్పుడు నాలో లేదు. రాజమ్మను పిలిచి చూపించాను. "అయింది గదా, ఇగ అన్నం దిను" అంది. తినలేకపోయాను.

ఎందుకంటే అక్కా, కింది నుంచి లెక్కపెట్టే నుడికట్లను ఇద్దరే చేసేవారు. వడోద్ కార్ఖానాలో అన్నం వేళ, పాడైన గ్రాఫు కాగితాల మీద, ఈ సీరియల్ కథలతోనే. ఒకణ్ణి నేను. రెండోవాడు బ్రహ్మచారి. పేరే బ్రహ్మచారి గానీ ముగ్గురు పిల్లల తండ్రి, పద్దెనిమిదేళ్ళు నా పక్క బల్ల మీద పనిచేసిన మనిషి. ఇక ఇప్పుడు, పన్నెండేళ్ళుగా నీకు కూడా చెప్పనిది చెబుతాను.

2008లో చీరకు ఒక హంసల అంచు పని వచ్చింది. పెద్ద గ్రాఫు, మూడువందల ఎనభైనాలుగు వరుసలు. తొందర పని కనుక ఇద్దరం పంచుకున్నాం, కింది సగం అతనిది, పై సగం నాది. రెండూ కలిపి అట్టలు కొట్టించి చీరలు నేశాక చూస్తే, ప్రతి హంసకూ మెడ మీద గూని. కలిసే చోట ఎనిమిది వరుసలు రెండుసార్లు పడ్డాయి. యజమాని సేఠ్ మా ఇద్దరినీ నిలబెట్టి "కిస్‌కీ గల్తీ హై?" అని, తప్పెవరిదని అడిగాడు. నేను కొన్ని వరుసల ముందు నుంచే మొదలుపెట్టానేమో అన్న అనుమానం నాకు ఆ క్షణంలోనే కలిగింది. నోరు తెరవలేదు. బ్రహ్మచారి నా వైపు ఒకసారి చూసి "నాదే" అన్నాడు. ఆ సాయంత్రమే స్కేలు, పెన్సిళ్ళు సర్దుకుని, నాతో ఒక్క మాట లేకుండా వెళ్ళిపోయాడు.

మూడు నెలలకు ఇల్లు మారుతూ నా స్కేలుపెట్టె దులిపితే ఒక చిట్టీ రాలింది. అతని చేతి రాత. "రాజం, నీది 193 నుంచి." నేను 185 నుంచి మొదలుపెట్టాను. తప్పు నాదని అప్పుడు రుజువైంది. అతను ఊరికి పోయాడని ఎవరో అన్నారు, నిజమా అని నేను కనుక్కోలేదు. కనుక్కుంటే ఎదురుగా నిలబడి చెప్పాల్సి వస్తుంది కదా. గడిలో సగం చుక్క తేడా వచ్చినా చెరిపి మళ్ళీ వేసేవాణ్ణి, దీన్ని మాత్రం పన్నెండేళ్ళు అలాగే ఉంచాను.

నిన్న మూతికి గుడ్డ కట్టుకుని పరమేశ్వర్ దుకాణానికి పోయాను. "పేరు చెప్పనని మాటిచ్చిన అన్నా" అన్నాడు. "పేరు వద్దు, ఈ కవరు చేర్చు చాలు" అన్నాను. అందులో నింపిన నుడికట్టు పెట్టాను, నా తప్పు ఒప్పుకుంటూ నాలుగు వాక్యాలు పెట్టాను, ఆ చిట్టీ కూడా పెట్టాను. అతను చూస్తాడా, చింపేస్తాడా, ఆ గళ్ళు గీసింది అసలు అతనేనా, ఏమీ తెలియదు. ఈ వయసులో పరీక్ష రాసి వచ్చిన పిల్లవాడిలా గుమ్మంలో తిరుగుతున్నాను.

తమ్ముడు
లక్ష్మీరాజం

*

సచిన్, సూరత్
28 జూన్ 2020

అరే రాజం,

బతికే ఉన్నవా! నీ కవరు ముట్టింది. నువ్వు పుస్తకం లెక్క రాస్తవు, నాకు గది రాదు. నేను మాట్లాడినట్టే రాస్త, సదువుకో.

మొదలు ఒక సంగతి. చివరి అడ్డం తప్పు నింపినవ్. పట్టణం ఏందిరా? నగకు రంగుల సగం, 'రం', అద్దు. నగరం! ముప్పై ఏండ్లు సూరత్‌ల ఉండి రంగద్దుడు తెల్వదా నీకు? నీకెప్పుడు గదే తొందర. 193 అని రాసిస్తే 185 కాడ మొదలువెట్టినోనివి, నీకు మల్ల నుడికట్టా?

ఆ తప్పు నీదని నాకు గా దినమే ఎరుక. సేఠ్ అడుగుతుంటెనే నీ మొఖంల కనవడ్డది. నేను మీదేసుకున్నది నీ కోసమనుకోకు, నన్ను దేవున్ని చెయ్యకు. మనిద్దరం కలిసి సొంతంగ గళ్ళు నింపే నక్షా దుకాణం పెడ్దామనుకున్నం, యాదికున్నదా? బోర్డు మీద ఎవరి పేరు ముందు రాయాల్నని గూడ లొల్లి వెట్టుకున్నం. నీకు చెప్పకుంట నేను సచిన్‌ల ఒక సేఠ్‌తోటి కొలువుకు మాట్లాడుకున్న. ఒక్కనికే జాగ ఉందన్నడు, సరేనన్న. ఇరవై దినాలు నీ పక్కన కూసోని నీతోనే చాయ్ తాగుకుంట, చెప్పెతందుకు నోరు రాలే. గంతల నీ హంసలకు గూని వచ్చింది. గదే సాకు దొరికిందని సంచి వట్టుకోని ఉరికిన. నీ మొఖం సూడలేక మాట్లాడలే గని కోపంతోని కాదు.

నువ్వు నామీద కోపంగున్నవని నేను, నేను నీమీద కోపంగున్నని నువ్వు. మధ్యల బస్సుకు గంట గూడ పట్టదు. మా ఇంటామె సదివి నవ్విన నవ్వు నీకు ఇనిపిచ్చిందో లేదో.

ఇంకోటి. నిన్ను దొరకవట్టాల్నని అంకెలు వెయ్యలేదనుకుంటున్నవేమో, నాకు గంత తెలివి యాడిది? మనం ఎన్నడన్న అంకెలు వేసినమా? కింది నుంచి కాకపోతే ఇంకెక్కడి నుంచి మొదలువెడ్తరు అనుకున్న. గుంపుల అందరు నన్ను తాగినోడు అన్నరట, పరమేశ్వర్ చెప్పిండు.

నాకు ఎడమ కన్ను మసక. సన్న గళ్ళు ఇగ నాతోని కావు. రోగం జర తగ్గినంక రా. చిట్టీ నా దగ్గరే ఉంచుకున్న.

బ్రహ్మచారి

*

నవాగామ్
20 సెప్టెంబర్ 2020

లలితక్కా,

బ్రహ్మచారి ఉత్తరాన్ని నీకు పంపాను కదా, "వీణ్ణి నేను చూడాలి" అని నువ్వు రాసిన జవాబును అతనికి చదివి వినిపించాను. అవును, వినిపించాను. నిన్న సచిన్ వెళ్ళాను!

జూలైలో ఇక్కడ రోగం బాగా ముదిరింది, ఆగస్టంతా ఆగాను. నిన్న గుమ్మం దగ్గర ఇద్దరికీ మూతులకు గుడ్డలు, మధ్య రెండు గజాల దూరం. అతను నన్ను ఎగాదిగా చూసి, "బొర్ర పెరిగింది గదరా" అన్నాడు. నేను దారి పొడుగునా కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు. "నీకు నెత్తి మీద వెంట్రుకలు పోయినయ్" అన్నాను. లోపలి నుంచి అతని భార్య, "పన్నెండేండ్లకు గివేనా మాటలు?" అంది. ఆ తరువాత వాకిట్లో చెరొక మంచం మీద కూర్చుని, కన్నీళ్ళు వచ్చేంతగా నవ్వాం.

'ఆఖరీ స్టాప్' వచ్చే ఆదివారంతో అయిపోతుంది. ఆఖరి కథలో బస్సు నడిపే మనిషే దిగుతాడు, మా ఇద్దరికీ అది పాతికేళ్ళుగా కంఠతా వచ్చు. దానికి తగ్గట్టు గుంపుకు పెద్ద నుడికట్టు చేయాలని కూర్చున్నాం, అడ్డం ఇరవై, నిలువు ఇరవై. కంటి మసక వల్ల అతనికి వెడల్పు గళ్ళ కాగితం తీసుకుపోయాను. పని పంచుకున్నాం, కింది సగం అతనిది, పై సగం నాది. పెన్సిలు అందుకోబోతుంటే అతను కాగితం మధ్య గీత మీద వేలు పెట్టి ఆపాడు.

"నీది యాడి నుంచి?"

"పదకొండో వరుస నుంచి."

"రాసియ్యాల్నా?"

"రాసియ్యి" అన్నాను.

అతను నవ్వలేదు. కాగితం మూల చింపి, కన్ను దగ్గరగా పెట్టి, నిదానంగా రాసి, మంచం మీదుగా చేయి చాచి ఇచ్చాడు. నేను దాన్ని స్కేలుపెట్టెలో పెట్టి మూత వేశాను. ఆ తరువాత ఇద్దరం పదో వరుసనూ పదకొండో వరుసనూ వేళ్ళతో ఒక్కొక్క గడీ తాకుతూ ఒకరికొకరు వినిపించేలా పైకి లెక్కపెట్టుకున్నాం. సరిపోయింది.

గళ్ళూ ఆధారాలూ ఇందులో పెడుతున్నాను. గుంపు కంటే ముందు నీకే. పరమేశ్వర్ బతిమాలాడు గానీ అంకెలు వేయలేదు. కింది వరుస నుంచి మొదలుపెట్టు అక్కా.

నీ తమ్ముడు
లక్ష్మీరాజం