పిసకకూడని పిండి

శుక్రవారం రాత్రి, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని మా గది

రేపు కొత్త కేఫ్‌లో బాపుకు ట్రయల్. చాయ్‌తో తినే స్కోన్లు, అంటే ఓవెన్‌లో కాల్చే గుల్ల బన్నులు, చేసి చూపించాలి. కుదరకపోతే వీసా పోతుంది, నా చదువూ ఆగిపోతుంది.

ఇంట్లో మూడుసార్లు చేసి చూశాం, మూడుసార్లూ రాళ్లే వచ్చాయి. ఈ పిండిని పిసికితే గట్టిపడిపోతుంది. ఇన్నేళ్లు పరోటాలు చేసిన బాపు ఈ పిండినీ అలాగే పిసికేస్తున్నాడు.

"పిసకకు బాపూ! ఊకె దగ్గరికి తియ్యి."

"నేనేం జెయ్యాలె బిడ్డా, చేతులు ఇంటలేవు."

చివరికి ఆయన మణికట్లు గట్టిగా పట్టుకున్నాను. పిండిని వదులుగానే ఒత్తి, కోసి, ఓవెన్‌లో పెట్టాం. పొంగాయి! వేడివేడిగా విరిచి వెన్న రాసుకున్నాం. గుల్లగా... ఎంత మంచి మాట! బాపు కూడా నవ్వాడు.

ఇప్పుడు నిద్రలో ఆయన చేతులు దుప్పటిని పిసుకుతున్నాయి. రేపు అక్కడ వాటిని పట్టుకోవడానికి నేనుండను.